కలరా ఉండలు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే చిట్టి, పసివాణ్ని అక్కకి అప్పజెప్పి మళ్లీ పనిలో చేరి వారం కూడా కాలేదు. అప్పగించేటప్పుడే చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "అక్కా, కలరా ఉండల వాసన కూడా వీడికి తగలకూడదు."

పుట్టగానే చేసిన రక్తపరీక్షలో బయటపడిన సంగతది. డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. "కణంలో పనులన్నీ నడిపించేవి ప్రోటీన్లమ్మా. వందల ముక్కలు దండలా గుచ్చుకుని, సరిగ్గా మడతపడితేనే అవి పనికొస్తాయి. ఎర్రకణాన్ని కాపాడే ఒక ప్రోటీన్ మీవాడిలో ఒక్క ముక్క తేడాగా తయారవుతోంది. అందుకే తొందరగా పాడైపోతుంది. వేరే కణాలైతే కొత్తది చేసుకుంటాయి. ఎర్రకణానికి ఆ శక్తి లేదు, ఉన్నదాంతోనే బతకాలి. కలరా ఉండల్లాంటివి తగిలితే కణాలు పటపటా పగిలిపోతాయి."

ఇదంతా చెబితే అక్క కిసుక్కున నవ్వింది. "ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకు నేర్పుతున్నావా?"

ఆ రోజు చిట్టి పనినుంచి వచ్చేసరికి పసివాడి కళ్లు పచ్చగా ఉన్నాయి. తడిసిన గుడ్డ మీద మరక డికాషన్ రంగులో ఉంది. దుప్పటితో సహా వాణ్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ దుప్పటి విప్పుతుంటే ఘాటు వాసన గుప్పుమని కొట్టింది.

పసివాడికి రక్తం ఎక్కిస్తున్నారు. వెనకాలే వచ్చిన అక్క వరండాలో కనపడగానే చిట్టి ఆ దుప్పటి ఆమె మొహాన విసిరికొట్టింది.

"వాసన చూడు! చూడవే!"

"చలిగా ఉందని పెట్టెలోంచి తీసి కప్పాను. ఎండలో వేసే కప్పాను."

"వారమంతా ముసురు పట్టుంటే ఏ ఎండలో వేశావు?"

అక్క ఒక్క క్షణం తడబడింది. వెంటనే గొంతు పెంచింది. "ఏదో మరిచిపోయాను! అందుకని నడి వరండాలో పరువు తీస్తావా? అసలు ఆ లోపం నీ దగ్గర్నుంచే వచ్చిందటగా!"

చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అవును, నా దగ్గర్నుంచే! నాకు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. అమ్మ నాకొక్కదానికే అమ్మా? జ్వరం వచ్చినప్పుడల్లా నీ పెద్దాడి కళ్లు ఎందుకు పచ్చబడతాయో ఎప్పుడన్నా ఆలోచించావా? ఆయాసంగా ఉందన్న పిల్లాణ్ని, బడి ఎగ్గొట్టడానికి వేషాలని వీపు చిట్లగొట్టింది నువ్వు కాదూ?"

గలాటా విని బయటికొచ్చిన డాక్టరమ్మ, "ఆ అబ్బాయినీ తీసుకురండి," అంది మెల్లగా.

పరీక్షలో వాడికీ అదే లోపమని తేలింది. అక్క వాడి వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ భోరుమంది. ఏమైందో తెలియక వాడు బిక్కచచ్చిపోయాడు. చిట్టి మాత్రం ఓదార్చడానికి దగ్గరికి పోలేదు.

పసివాడు కోలుకుని ఇంటికొచ్చాడు. చిట్టి మొగుడు సాయంత్రం డ్యూటీకి మారి, పగలు పిల్లాణ్ని తనే చూసుకుంటున్నాడు. ఒక ఆదివారం అక్క వచ్చింది. ఇంట్లో ఉండలన్నీ పారేసి, బట్టలన్నీ ఉతికేశానని గుమ్మంలోనే చెప్పింది. చిట్టి కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది.

"ఒక్కసారి ఎత్తుకోనివ్వవే."

"పెద్దాడెలా ఉన్నాడు?"

"బాగున్నాడు. ఏ మందులు వాడకూడదో రాసిచ్చారు. చిట్టీ, ఒక్కసారి..."

"ఇవ్వను," అంది చిట్టి. "నువ్వు మరిచిపోయుంటే ఈపాటికి ఇచ్చేదాన్ని. నువ్వు మరిచిపోలేదు. నా మాట లెక్క చెయ్యలేదు."

అక్క తల దించుకుంది. చిట్టి పసివాణ్ని భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.