తెల్ల కన్ను

ఆయన అసలు పేరు సంఘంలో ఎవరూ పలికేవారు కాదు. ఎదురుగా ఉంటే అయ్యగారు, ఆయన వీపు తిప్పితే సున్నమయ్యగారు. దేవుడిచ్చిన పది ఆజ్ఞల్లో రెండోదాన్ని గోడల మీద అమలు చేసిన తీరుకు వచ్చిన పేరది. ఆకాశంలో ఉన్నదాని రూపంగానీ, భూమ్మీద ఉన్నదాని రూపంగానీ చేసుకోవద్దన్నాడు దేవుడు. కాబట్టి ప్రార్థన హాల్లో, పిల్లల తరగతి గోడ మీదున్న ఓడ, అందులోని జిరాఫీలు, పైన ఎగిరే పావురం ఒక్క పూటలో సున్నం కిందికి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత విశ్వాసుల ఇళ్ళ మీద పడ్డాడు. పెళ్ళి ఫోటోలు, పోయిన తల్లిదండ్రుల ఫోటోలు, చివరికి క్యాలెండర్ మీది గులాబీలు కూడా గోడలు దిగాయి. ఒక ముసలావిడ చనిపోయిన భర్త ఫోటోను బట్టల మడతల్లో దాచుకుంటే, "దాచావంటేనే దాన్ని పూజిస్తున్నావని అర్థం" అని తేల్చి, హాలు వెనక పెరట్లో కాల్పించాడు. దాచకపోతే ఏమని అర్థమో ఆవిడ అడగలేదు. ఆయన్ని అడిగే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. తల ఊపే అలవాటు మాత్రం అందరికీ బాగా ఉంది.

అంతటి మనిషి ప్రసంగాలు ప్రతి ఉదయం ఫోన్లలో వచ్చేవి. ముఖం ముందు గుండ్రటి దీపం, వెనక నీలం తెర, కెమెరా దగ్గర బావమరిది. వీడియో తెరవకముందే కనిపించే బొమ్మలో ఆయన ముఖమే ఉండేది. చెంపల మీది గుంటలు పూడ్చి, జుట్టుకు నలుపు దిద్ది, కళ్ళల్లో ఇంత మెరుపు పోసి బావమరిది దాన్ని తయారు చేసేవాడు. దీనికీ అయ్యగారి దగ్గర వ్యాఖ్యానం ఉంది. "ఇది రూపం కాదు, వెలుతురు. స్విచ్ తీస్తే పోతుంది. విగ్రహం అలా పోదు." సంఘం ఆమెన్ అంది. ఆయన రేపు గొడుగు పాపమన్నా, తడుస్తూ అదే మాట అనగల జనం వాళ్ళు.

ఆయనకు ఒక్కతే కూతురు. మందుల దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేసేది, ఆదివారం వీడియోలో తండ్రి వెనక నిలబడి పాటలు పాడేది. ఆ ఏడు ఆ అమ్మాయి కుడి కంట్లో పుండు పడింది. మందులకు లొంగలేదు. కన్ను తీసేశారు. గాయం మానాక, గుంత ముడుచుకుపోకముందే కృత్రిమ కన్ను పెట్టించమని డాక్టరు చెప్పాడు.

కళ్ళు చేసే ఆవిడ పనిగది ఆస్పత్రి వెనక వీధిలో, మేడ మీద ఉంది. మెత్తటి పేస్టుతో గుంత అచ్చు తీసి, మైనంతో నమూనా కట్టి, దాన్ని గట్టి ప్లాస్టిక్‌లో పోసి నునుపు చేస్తుంది. ఆ తర్వాత మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఉన్న కంటిని చూస్తూ నల్లగుడ్డుకు పొరలు పొరలుగా రంగు వేస్తుంది. ఎర్ర పట్టుదారంలోంచి లాగిన నూగులాంటి పోగుల్ని తెల్లగుడ్డు మీద నరాల్లా అతికిస్తుంది.

అయ్యగారు భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చాడు. బల్ల మీది పెట్టెలో నమూనా కళ్ళు కనిపించగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇవన్నీ ఎవరి రూపాలు?" అని అడిగాడు.

"ఎవరివీ కావండీ. ఏ కంటికి ఏ రంగు దగ్గరో చూసుకోడానికి పెట్టుకున్నవి."

"మా అమ్మాయికి రంగు వద్దు. తెల్లగా చేసివ్వండి. గుంత నిండాలని కదా డాక్టరు చెప్పింది, నిండితే చాలు. దేవుడు చేసినదాన్ని మనిషి గీయడం మా సంఘంలో కుదరదు."

ఆవిడకు కాసేపు అర్థం కాలేదు. "అంటే నల్లగుడ్డు లేకుండానా?"

"అంతే."

"చూడ్డానికి ఎలా ఉంటుందో ఆలోచించారా?"

"చూడ్డానికి ఎలా ఉంటుందన్నది మేం పట్టించుకోం" అన్నాడు అయ్యగారు, గోడకున్న అద్దంలో కాలరు సర్దుకుంటూ.

ఆయన పైవరసలో రెండు పళ్ళు పెట్టుడువని ఆవిడ గమనించింది. ఆ సంగతి ఎత్తితే, పళ్ళు నమలడానికి, అవి పనిముట్లు అన్నాడు. ఆ సమాధానం ముందే తయారుచేసి జేబులో పెట్టుకొచ్చినట్టుంది. ఆవిడ తల్లి వైపు చూసింది. తల్లి చేతిసంచి జిప్పు తీసి వేసి, తీసి వేసి, "ఆయన అన్నీ ఆలోచించే చెప్తారండీ" అంది. చివరికి ఆవిడ అమ్మాయినే అడిగింది.

"నీకేం కావాలమ్మా?"

"నాన్నగారు చెప్పినట్టే చెయ్యండి."

ముగ్గురూ ముగ్గురే అనుకుంది ఆవిడ. వాదించడానికి కూడా విసుగేసి, అడిగింది అడిగినట్టు చేసిచ్చింది. పొట్టు వలిచిన గుడ్డులా ఉందది.

మొదట్లో అమ్మాయి దాన్ని గర్వంగానే పెట్టుకుంది. ఆజ్ఞ కోసం మిగతావాళ్ళు గోడ మీది పటం తీసేశారు, తను ముఖం మీదే తీసేసింది అనుకుంది. సంఘంలో ఆడవాళ్ళు దగ్గరికొచ్చి, "నీ కన్ను మాకు సాక్ష్యం తల్లీ" అన్నారు. అంటున్నంతసేపూ చెవి వైపు చూస్తూ అన్నారు. బస్సులో ఒక పాప ఆమెను చూసి తల్లి భుజంలో తల దూర్చేసింది. దుకాణం యజమాని, నీకు శ్రమ తగ్గుతుందని చెప్పి, కౌంటర్ మీంచి తీసి వెనక గదిలో అట్టపెట్టెలు సర్దే పనిలో వేశాడు. అమ్మాయి దేవుడి మాట కోసం పడుతున్నాను, పడదాం అనుకుంది.

అయ్యగారు మాత్రం పడలేకపోయాడు. ఒకరోజు కెమెరా సర్దుతూ బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"బావా, అమ్మాయిని కొంచెం పక్కకు నిలబెడదామా? వీడియో కింద జనం ఏం రాస్తున్నారో చూశావా?"

"ఏం రాస్తున్నారు?"

"దెయ్యం పట్టినట్టుందట. పిల్లలు జడుసుకుంటున్నారట. చూసేవాళ్ళు సగానికి పడిపోయారు."

"సగానికా?" అన్నాడు అయ్యగారు. కూతురి గురించి జనం రాసినదాంట్లో ఆయనకు తగిలిన మాట అదొక్కటే.

అప్పుడు ప్రార్థనలో కూర్చున్నాడు. ఆయనకు వాక్యం కొత్తగా తెరుచుకుంది. చేసుకోవద్దన్న మాట పక్కనే, మొక్కవద్దన్న మాట కూడా ఉంది. ఇన్నేళ్ళుగా అది అక్కడే ఉంది. చూసేవాళ్ళు తగ్గేదాకా ఆయన కంట పడలేదు, అంతే.

భోజనాల దగ్గర కూతురితో చెప్పాడు. "ఆ కంటికి రంగు వేయించుకుందువుగాని. నాకు స్పష్టత వచ్చింది."

అమ్మాయి తినడం ఆపింది. "రూపం కాదా నాన్నగారూ?"

"మొక్కితేనే విగ్రహం. కంటికి ఎవరు మొక్కుతారు? అది వైద్యం."

"మరి ఆ ముసలావిడ ఫోటో? ఆవిడ కూడా ఎప్పుడూ దానికి మొక్కలేదుగా. కాల్పించారు కదా."

"అది వేరే సంగతి."

"ఎలా వేరే?"

"తినవే, తర్వాత మాట్లాడుకోవచ్చు" అంది తల్లి. ఆ ఇంట్లో ఏ మాటకూ ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు.

"నేను వేయించుకోను" అంది అమ్మాయి. "పాపమని మీరే చెప్పారు. నేను నమ్మాను."

"తండ్రి మాట వినమన్నది కూడా ఆజ్ఞే. ఐదోది."

"అది విన్నాను కాబట్టే తెల్లది పెట్టించుకున్నాను. ఇప్పుడు మళ్ళీ వినాలంటే, అప్పుడు విన్నది తప్పని మీరు చెప్పాలి. సంఘం ముందు చెప్పండి, రేపే వెళ్ళి వేయించుకుంటాను."

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. తప్పు ఒప్పుకోవడానికి ఆయన దగ్గర ఏ వాక్యమూ లేదు మరి.

ఆదివారం అమ్మాయి పాటల వరసలో వెనక నిలబడలేదు. తండ్రి భుజం పక్కనే, గుండ్రటి దీపం వెలుగు సూటిగా పడే చోట నిలబడి, రెండు కళ్ళూ తెరిచి పాడింది. మేనమామ కెమెరా ఎడమకు జరిపితే ఆమె ఎడమకు జరిగింది. కుడికి తిప్పితే కుడికి వచ్చింది. ప్రసంగం మధ్యలో అయ్యగారికి మాట తడబడింది. సాక్ష్యమన్న ఆడవాళ్ళే ఆరోజు హాలు బయట చుట్టూ మూగి, "నాన్నగారి పరువు తీస్తావా తల్లీ" అన్నారు.

దానికి అయ్యగారు కనిపెట్టిన ఉపాయం తేలికైనది. పాటలవాళ్ళను గోడవారకు పంపించి, కెమెరాను దగ్గరికి లాగించాడు. ఇక తెర నిండా ఆయన ముఖం తప్ప ఇంకేమీ లేదు. చూసేవాళ్ళు పెరిగారు. ఆయన దాన్ని కృప అన్నాడు.

అమ్మాయి పాటలు మానేసింది. కొన్నాళ్ళకు ఇల్లు కూడా వదిలి, దుకాణంలో తనతో పనిచేసే అమ్మాయి ఉండే గదిలో చేరింది. తల్లి వాకిట్లో నిలబడి, "ఆయన్ని నొప్పించకుండా వెళ్ళు" అంది. కూతురి నొప్పి ఆవిడ లెక్కలోకి రాలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మాయి ఒంటరిగా ఆ మేడ మెట్లెక్కింది.

"రంగు వెయ్యండి" అంది. "ఈసారి నాకే కావాలి."

"అప్పుడే చెప్పాల్సింది కదమ్మా" అంది కళ్ళు చేసే ఆవిడ.

"అప్పుడు నాకేం కావాలో నాకు తెలీదండీ. మీకు తెలుసుగా. తెలిసి ఎందుకు చేశారు?"

ఆవిడ కుంచె తుడిచి చేతిలోకి తీసుకుంది. అయ్యగారిని తిట్టుకున్నంత తేలిక కాదు దానికి జవాబు చెప్పడం. "కూర్చో. కిటికీ వైపు చూడు" అని మాత్రం అంది.

ఉన్న కన్ను ముదురు గోధుమరంగు. అంచున దాదాపు నలుపు, లోపల తేనెరంగు చారలు. ఆవిడ ఒక్కో చారా చూసి, వేసి, మళ్ళీ చూసి, చెరిపి, మళ్ళీ వేసింది. చాలాసేపయ్యాక అమ్మాయి తల కదపకుండానే అంది, "మా నాన్నగారు నా మొహం ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు."

కన్ను బాగా కుదిరింది. యజమాని ఆమెను మళ్ళీ కౌంటర్ మీదికి తెచ్చాడు. ఆయనా అయ్యగారిలాంటివాడే, వెనక గదికి పంపినట్టే గుర్తులేదు ఆయనకి.

ఆ సంగతి తెలిసి మేనమామ దుకాణానికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"బావ రమ్మంటున్నాడమ్మా. పోయిన కన్ను దేవుడు మళ్ళీ ఇచ్చాడని సాక్ష్యం చెప్తాడట. నువ్వేం మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు."

"దేవుడు ఇవ్వలేదు మావయ్యా. మేడ మీద ఒకావిడ చేసింది."

"నాకు తెలీదా? జనానికి చెప్పేది వేరేలే."

"నన్ను అలా నిలబెడితే అదే విగ్రహం. జనం మొక్కేది ఆయనకు. నేను రానని చెప్పు."

దగ్గు మందు కావాలంటూ ఎవరో వచ్చారు. పొడి దగ్గా, కఫమా అని అడిగి అమ్మాయి వెనక అర వైపు తిరిగింది. మేనమామ ఊరికే వెళ్ళిపోతే బాగుండదని గొంతు బిళ్ళలు కొనుక్కుని, చిల్లర తీసుకుని వెళ్ళాడు.