పేరో, నంబరో

పైనాపిల్ జామ్ ఎప్పుడు దించాలో రమ్యకి వాసనే చెప్తుంది. బుడగలు బద్ధకంగా పేలడం మొదలవగానే పొయ్యి కట్టేసి, గోరువెచ్చని నీళ్లలో కరిగించిన చిటికెడు సోడియం బెంజోయేట్ పోసి గరిట తిప్పింది. అరకు వానాకాలపు చెమ్మలో అది వెయ్యకపోతే, టూరిస్టుల కంటే ముందు బూజు దిగుతుంది సీసాలోకి.

వంటింటి గోడకి అవతలే కొట్టు. భర్త గోపాలకృష్ణ ఎవరికో చెప్తున్నాడు: "మా అమ్మ చేత్తో చేసిందండి. ఏ మందూ కలపం."

అత్తగారు అప్పలనరసమ్మ గరిట పట్టింది ఒక్కసారే, లేబుల్ మీదికి ఫొటో తీసినప్పుడు. అలాగని కోడలి కెమిస్ట్రీ డిగ్రీ అంటే ఆవిడకి గౌరవం లేకపోలేదు. "సదువుకున్న గుంట కదా, జాముకి బూజట్టకుండా సూసుకుంతాది," అని చుట్టాలందరికీ చెప్తుంది.

కొత్త లేబుల్ నమూనా ఫోన్లోకి వచ్చి ఉంది. నడుమ అత్తగారు, కింద ఎర్రగా 'ప్రిజర్వేటివ్‌లు లేవు'. సాయంత్రం అచ్చుకెళ్తుంది. కలుపుతూ లేవని రాస్తే తప్పు కదా అని పొద్దున్న అంటే, "అందరూ అలాగే రాస్తారు. నువ్వు జామ్ సంగతి చూడు," అన్నాడు గోపాలకృష్ణ. ఆమె చూస్తున్నది జామ్ సంగతే. పైగా లైసెన్సు ఆమె పేరు మీదుంది. ఆడవాళ్లకైతే లోను తొందరగా వస్తుందని అతనే పెట్టించాడు. సీసా మీద చోటు దొరకని పేరుకి, రేపు నోటీసు మీద బోలెడంత చోటు దొరుకుతుంది.

జామ్ చల్లారేలోగా చట్టంలో ఏముందో ఫోన్లో చదివింది. ఎడిటివ్ అంటే మామూలుగా విడిగా తినేది కాదు, వంటలో అసలు దినుసూ కాదు. నిలవ ఉండడానికో రంగుకో, ఏదో ఒక పని కోసం కావాలని కలిపేది. కలిపితే మాత్రం లేబుల్ మీద పేరో నంబరో చెప్పి తీరాలి. బెంజోయేట్ నంబరు 211.

తన కాపురం గురించి ఇంత పొందిగ్గా ఎవరూ రాయలేదనిపించింది. విడిగా తను ఎవరికీ అక్కర్లేదు. ఇల్లు చెడకుండా ఉండాలంటే మాత్రం కలపాలి. తేడా ఒక్కటే, బెంజోయేట్ పేరు దాచితే అడగడానికి చట్టముంది. నవ్వొచ్చింది. ఎవరికైనా చెప్దామని చుట్టూ చూసింది. కిరండూల్ గూడ్సు రైలు పోతుంటే ఖాళీ సీసాలు గలగలమన్నాయి. ఈ ఇంట్లో తన జోకుకి వచ్చిన మొదటి నవ్వు అదే.

ప్రెస్సు నడిపే తరుణ్‌కి ఫోన్ చేసింది.

"'లేవు' అన్నది తీసెయ్యండి. ప్రిజర్వేటివ్ 211 ఉందని వెయ్యండి. దాని కింద, తయారీ: రమ్య."

"సోటు సాలదు మేడం."

"మా అత్తగారిని కొంచెం చిన్నది చెయ్యండి."

"సార్ ఏటంతారో... పోనీ మీ లైసెన్సు నంబరెలాగూ ఉంది కదా మేడం, మళ్లీ పేరెందుకు?"

"నంబరు బెంజోయేట్‌కి ఇచ్చాం కదండీ. నాకు పేరే వెయ్యండి."