మూడు వంతుల దగ్గరితనం

బియ్యపు గింజలో సగం పొడవుండే నల్లటి స్ఫటికాన్ని నేను. హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో, సన్నగా కరెంటు పారే ద్రావణంలో మూడు వారాలు పెరిగాను. పలకల్లాంటి కార్బన్ అణువులు వరసలుగా పేర్చుకుంటే నేనయ్యాను. మామూలుగానైతే గడ్డకట్టే చలిలో నాలో కరెంటు ఆగిపోతుంది. గట్టిగా నొక్కితే ఏ అడ్డూ లేకుండా పారుతుందని మందాకిని నమ్మకం. నన్ను పెంచింది ఆమే. థీసిస్ ఇవ్వడానికి ఆమెకు నెల గడువుంది. నాతో పుట్టిన మూడూ ఒత్తిడిలో పగిలిపోయాయి. మిగిలింది నేనొక్కదాన్నే.

నా చివర కోసిన ముక్కను ఆమె రెండు వజ్రాల మధ్య నొక్కి, ఎక్స్-కిరణాలతో చూసింది. వరసల మధ్య దూరం నూటికి మూడు వంతులు తగ్గింది. అంతమాత్రం చాలుతుందా? అదే తేలాలి.

ఒక ఉదయం ఊపిరి బిగబట్టి, వెంట్రుక కంటే సన్నని నాలుగు బంగారు తీగలు నాకు అతికించింది. నూనె నింపిన ఉక్కు గొట్టంలో పెట్టి మర బిగించింది. గాలి ఒత్తిడికి పదివేల రెట్లు! ఇక ద్రవ హీలియంతో చల్లబరచాలి.

"హీలియం అడుగంటుతోందమ్మా, గొట్టాన్ని గబగబా దించెయ్," అన్నారు ఆమె గైడు ఫణీంద్ర గారు.

"తొందరపడితే నూనె ఒక పక్కనే ముందు గడ్డకడ్తది సార్. మొన్నటి మూడూ అట్లనే పగిలినయి."

"మధ్యలో అయిపోతే?"

"అయిపోనీయండి సార్. ఇది పోతే ఇంకోటి లేదు."

ఆమె మెల్లమెల్లగా చల్లబరిచింది. ఐదు గంటలు పట్టింది. నూనె గట్టిపడి నన్ను అన్ని వైపులా బిగించింది. తెర మీద నాలోని అడ్డును చూపే గీత జారుతూ జారుతూ ఒక్కసారిగా సున్నాకు పడింది.

"వచ్చేసింది!" అని ఫణీంద్ర గారు లేచి నిలబడ్డారు.

మందాకిని నవ్వలేదు. "తీగలు ఒకదానికొకటి తగులుకున్నా సున్నానే చూపిస్తది సార్. కొంచెం వేడి చేసి చూస్తా, అట్లయితే గీత లేవదు."

కొద్దిగా వెచ్చబడగానే గీత పైకి లేచింది. మళ్లీ చల్లబరిచింది. మళ్లీ సున్నా. ఆ తర్వాత పది నిమిషాలకు హీలియం అయిపోయింది.

మర్నాడు మర వదులు చేసింది. పిండినంతసేపూ తట్టుకున్న నేను, వదిలేయగానే నిలువునా చీలిపోయాను. సూక్ష్మదర్శినిలో నన్ను చూసి, "నాలుగోది: ఒత్తిడి తీసేటప్పుడు పగిలింది" అని నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

"అంతా బాగానే అయిందిగా తల్లీ, ఇప్పుడెందుకు ఏడుపు?" అన్నారు ఫణీంద్ర గారు.

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.