పులులు ఎప్పుడూ నావే

సాయంత్రం ఎండ తగ్గగానే మా ఆవిడ సూర్యకళ వరండా గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీస్తుంది. పైన ఒక కొన, అక్కడినుంచి కిందికి విచ్చుకునే గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. మేకలను ఒక్కొక్కటిగా గీతలు కలిసే చోట పెడుతుంటే మధ్యమధ్య పులి కదులుతుంది. మేక వెనుక చోటు ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి తినేస్తుంది. మేకలన్నీ సందు లేకుండా కమ్ముకుంటే కదల్లేక ఓడిపోతుంది. నాకు పక్షవాతం వచ్చినప్పటినుంచి పులులు ఎప్పుడూ నావే, మేకలు సూర్యకళవి.

చెయ్యి మెల్లగా వస్తుంది, ముందు బుర్రకి పని పెట్టండి అన్నాడు రాజమండ్రి డాక్టరు. ఇంటికొచ్చిన కొత్తలో ఏ రాయి ఎటు జరపాలో తోచేది కాదు. తరువాత ఒక ఆట గెలిచాను. ఇక గెలుస్తూనే ఉన్నాను. మాట తడబడుతున్నా, చొక్కా గుండీ దొరక్క వేళ్లు వెతుక్కుంటున్నా, లోపలి జీవరాజు మాత్రం చెక్కుచెదరలేదని ఆ గింజలు సాక్ష్యం చెప్పేవి. నాకు వేరే సాక్ష్యం లేదు. తన మెదడు సరిగా ఉందో లేదో మనిషి ఆ మెదడుతోనే కదా తేల్చుకోవాలి.

మా రొయ్యల చెరువులు ఎండగట్టి ఉన్నాయని సూర్యకళ చెప్పింది. మళ్ళీ నీళ్లు పెట్టి రొయ్యపిల్ల వేసేనాటికి నేను గట్టు మీద ఉండాలి. నాకున్న కోరిక అదొక్కటే. సూర్యకళతో అన్నప్పుడల్లా, "ఆటలో గెలుస్తూనే ఉన్నారుగా, అలాగే వెళ్దురుగానండి," అనేది.

ఆ ఆదివారం వెంకటరాజు వచ్చాడు. సూర్యకళ తమ్ముడు. నేను పడిపోయాక చెరువులు అతనే చూస్తున్నాడు.

"రేపు నేనూ వస్తానయ్యా," అన్నాను. "సున్నం చల్లించావా?"

"తొందరేముందండి బావగారూ. చెరువులు ఎక్కడికి పారిపోతాయి?"

"నా బుర్ర పనిచేయదనుకుంటున్నావేమో. మీ అక్కని అడుగు, నా మీద ఒక్క ఆట గెలిచిందేమో. కాదు, నువ్వే కూర్చో."

అతను నవ్వి మేకలు తీసుకున్నాడు. ఒక కన్ను ఫోన్ మీదే ఉంది. గింజ పెట్టడం, ఫోన్ చూడడం, మళ్ళీ గింజ పెట్టడం. నేను మాత్రం ప్రతి గీతనూ వేలితో తడిమి చూసుకుంటున్నాను. ఎక్కడికి దూకుదామన్నా అవతల గింజ ఉంది. రోజూ నా కోసం తెరుచుకునే ఆ ఖాళీలు ఇవాళ లేవు.

"ఏంటండి బావగారూ, పులికి షుగరొచ్చిందా? కదలట్లేదు!"

"ఒరేయ్ వెంకటా!" వంటింట్లోంచి సూర్యకళ గొంతు. కోపం కాదది. హెచ్చరిక.

అతను అక్క వైపు చూశాడు, గచ్చు వైపు చూశాడు. నవ్వు జారిపోయింది. "అయ్యో, నేను చూసుకోలేదండి. ఇదిగో, ఈ మేకని వెనక్కి తీసేసుకుంటానండి," అంటూ చివరి గింజ మీద చెయ్యి వేశాడు.

"ఉంచు," అన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కాడు. అవతల చెరువు మీది పనివాడు. "రాజుగారండీ, రెండో చెరువులో చెక్ ట్రేలు ఖాళీ అయిపోయాయండి. మేత పెంచమంటారా?"

చెక్ ట్రే అంటే రొయ్య ఎంత తింటోందో చూడడానికి మేత వేసి నీళ్లలోకి దించే పళ్లెం. ఎండిన చెరువులో ట్రే దించరు. అప్పుడే వేసిన పిల్లకీ దించరు. పిల్ల పడి నెల దగ్గర పడి ఉండాలి. ఇదంతా నా బుర్రలో క్షణంలో కుదురుకుంది, ఏ గీతా తడమకుండానే. కాసేపటి క్రితం ఓడిపోయింది కూడా ఈ బుర్రే.

"పిల్ల ఎప్పుడు వేశారు?"

వెంకటరాజు లేచి నిలబడ్డాడు. "అక్కే మీకు చెప్పొద్దందండి. మీరు ఊరుకోరని." చెప్పుల్లో కాళ్లు సరిగా దూర్చకుండానే వెళ్లిపోయాడు.

సూర్యకళ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"రా. ఆడదాం."

"తలనొప్పిగా ఉందండి."

"ఆడు."

కూర్చుంది. ఈసారి నేను పులులను చూడలేదు. ఆమె చేతినే చూశాను. మొదటి గింజలు వెంటవెంటనే పడ్డాయి. ఒక మేక వెనుక ఖాళీ ఏర్పడింది. గింజ పట్టుకున్న వేళ్లు నేరుగా ఆ ఖాళీ మీదికే వెళ్లాయి. అక్కడ ఆగాయి. తరువాత పక్కకు జరిగి, ఎందుకూ పనికిరాని చోట గింజను పెట్టాయి.

ఇన్ని నెలలుగా ఆ వేళ్లు రోజూ అలాగే ఆగి ఉంటాయి. నేను నా పులినే చూసుకుంటూ ఉండిపోయాను.

"ముందు ఎక్కడ పెట్టబోయావో అక్కడ పెట్టు."

తల వంచుకునే పెట్టింది. ఆ తరువాత నిజంగా ఆడింది. ఇంత ఆట వచ్చని నాకు తెలియదు. చూస్తుండగానే నా మూడు రాళ్లూ మూలకు చేరి బిగుసుకుపోయాయి.

"మొదట్లో ఓడిపోయినప్పుడు మీరు రెండు పూటలు అన్నం ముట్టలేదండి," అంది. "ఏం చెయ్యమంటారు?"

"మరి చెరువులు?"

"ఆ గట్టు మీదే కదండి పడిపోయారు. మళ్ళీ అక్కడికే పంపమంటారా?"

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఆగేవారా?"

ఆగేవాణ్ణి కాదు. అది నిజమే. గెలిచిన సాయంత్రాలను ఒక్కొక్కటే వెనక్కి లాగి చూశాను. ఒక్కటైనా నాది ఉందేమోనని. అంతటితో ఆగలేదు మనసు. 'చెయ్యి బాగా లేస్తోందండి' అంది. 'నిన్నటికంటే స్థిరంగా నడిచారండి' అంది. అవి కూడా వెనుక ఖాళీ వదిలి పెట్టిన గింజలేనా?

ఆమె చింతగింజలు ఏరి డబ్బాలో వేస్తోంది.

"నా మాట స్పష్టంగా వస్తోందా?" అని అడిగాను.

"వస్తోందండి."

నేను ఆమె మొహం చూడలేదు. గింజ మీద ఆగిపోయిన ఆమె వేళ్లనే చూస్తున్నాను.