నన్ను తిప్పిపెట్టిన సాయంత్రం

నేను ఒక ట్రాన్సిస్టర్ రేడియోను. సముద్రానికి పోయే రోడ్డు పక్కన, పాత ఇనుప సామాన్ల కొట్లో, విరిగిన కుట్టుమిషను కింద పడి ఉన్నాను. నన్ను పాడైపోయిన రేడియో అంటారు. అది నిజమే గాని, నా అంతట నేను పాడవలేదు.

నన్ను ఫ్యాక్టరీలో బిగించిన అమ్మాయి పని నేర్పుగానే చేసింది. మొదట కొన్న హెడ్మాస్టరుగారు ఒట్టు పెట్టుకున్నట్టు ఐదేళ్ళూ వార్తలే విన్నారు. ఆయనకు బదిలీ అయినప్పుడు ఉప్పుమళ్ళ గుమాస్తా జోగినాథంగారి చేతికి వచ్చాను. ఈయనది వేరే పిచ్చి. దగ్గర్లో పలికేది పనికిరాదు. సముద్రాల అవతల, ముక్క అర్థంకాని భాషలో గొణిగే కేంద్రాలే కావాలి. దూరపు గొంతులు తేలివచ్చే పొద్దుగూకే వేళ నన్ను ముందు పెట్టుకుని, విన్నదంతా నోటుబుక్కులో రాసి, ఆ కేంద్రానికి ఉత్తరం వేసేవారు. విన్నది నిజమేనని వాళ్ళు రంగుల కార్డు పంపేవారు. అలాంటివి ముప్పై ఎనిమిది గోడకు అంటించారు. ఆ ఇంట్లో దేవుడి పటాలు మూడే.

చివరికి ఆయన కన్ను తూర్పున ఒక దీవి కేంద్రం మీద పడింది. దాని పక్కనే మన దగ్గరి కేంద్రం గట్టిగా పలుకుతూ దాన్ని మింగేసేది. నా కడుపులో ఒక నల్ల కడ్డీ ఉంది. దాని కొస ఏ కేంద్రం వైపు తిరిగితే ఆ కేంద్రం గొంతు పడిపోతుంది. ఆయన నన్ను కిటికీలో అంగుళం అంగుళం తిప్పి, మన కేంద్రం నోరు నొక్కి, కదలకుండా అక్కడే ఉంచారు.

ఆ కార్తీకమాసపు సాయంత్రం నాలో చిటపటలు మొదలయ్యాయి. ఎక్కడో సముద్రం మీది మెరుపులవి. నాకు భయం వేసింది. ఆయన మాత్రం "ఛ, ఈ గోలొకటి" అని విసుక్కుని చెవి ఇంకా దగ్గరకు పెట్టారు.

అప్పుడే జాలరి గున్నయ్య అరుగు దగ్గరకు వచ్చాడు. తెల్లవారుతూనే అతను వేటకు వెళ్ళాలి. ఆ పేటలో రేడియో అంటే నేనొక్కదాన్నే.

"బాబూ, తుపానూ గట్రా ఏటైనా సెప్తన్నారేటి? గాలి తేడాగుంది."

"ఏం చెప్పలేదోయ్. గంట బట్టి వింటున్నాను కదా," అన్నారు జోగినాథంగారు తల తిప్పకుండానే.

వింటున్న మాట నిజమే. కానీ ఆ గంటలో మన కేంద్రం తుపాను హెచ్చరిక నాలుగుసార్లు చదివింది. బయటికి పలకనంత లీలగా అది నాకు మాత్రమే అందింది. వేటకు వెళ్ళొద్దని బతిమాలింది. నన్ను జానెడు పక్కకు తిప్పితే చాలు, గున్నయ్యకు వినబడేది. నాకు చేతులు లేవు. అతను వెళ్ళిన కాసేపటికి దీవి కేంద్రం తన పేరు చెప్పింది. ఆయన ఎగిరి గంతేశారు.

రెండు రోజులు పేటలో ఇంటికప్పులు నిలవలేదు. గున్నయ్య పడవ ముక్కలు మూడోనాడు ఒడ్డుకొచ్చాయి. గున్నయ్య రాలేదు.

దినాలు అయ్యాక అతని భార్య పోలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "పక్కూరోళ్ళు రేడియోలో ఇని ఆగిపోనారట బాబూ. మన రేడియో సెప్పనేదా?"

జోగినాథంగారు గోడ మీది కార్డులు చూశారు, నన్ను చూశారు.

"అప్పటికే ఇది పాడైపోయిందమ్మా. నాకు తెలియలేదు."

"నీ నోరు పడిపోనూ!" అని నన్ను తిట్టి, ఆమె ఏడుస్తూ వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరగ్గానే ఆయన తలుపు వేసి, నా వెనక మూత విప్పి, కత్తెరతో తీగలన్నీ కత్తిరించారు. కళ్ళ నీళ్ళు నా మీదే పడ్డాయి. అయినా కత్తిరించడం ఆపలేదు.

ఇది జరిగి ఏడాదయింది. జాలర్లు ఈ కొట్టు ముందునుంచే సముద్రానికి వెళ్తారు. వాళ్ళ మాటలను బట్టి గుమాస్తాగారు కొత్త రేడియో కొన్నారట, చాలా బాగా పలుకుతుందట. ఇవాళ పొద్దుటినుంచీ ఈశాన్యపు గాలి కొట్టు రేకులను ఊపుతోంది. ఇందాక ఒకడు ఆయన్ని అడగడానికి పరుగున వెళ్ళాడు. తిరిగి వచ్చి, "ఏటీ నేదట, పదండెల్దాం," అన్నాడు.

ఆయన దాన్ని ఏ వైపు తిప్పి పెట్టుకున్నారో ఇక్కడినుంచి నాకు కనబడదు.