మలుపు కనిపించే ఎత్తు

‘కంటి ఎత్తు’ అన్న గడిలో అంకె మార్చి అతను మళ్ళీ మీట నొక్కాడు. తెర మీద కొండలు కాసేపు బూడిదరంగులో తేలిపోయి, తర్వాత రంగులు పూసుకున్నాయి. కట్టబోయే సెల్ టవరు మీంచి కనిపించే నేలంతా పచ్చ, కనిపించనిదంతా ఎరుపు. గుట్ట వెనక ఊరు పొద్దుటినుంచీ ఎరుపులోనే ఏడుస్తోంది.

మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. “ఇంకా ఎరుపేనా?”

“గుట్ట అడ్డమండీ.”

“కాస్త తగ్గించవయ్యా. కంప్యూటర్లో గుట్టేగా, నీ బాబు సొమ్మా?”

అతను పళ్ళు కొరుక్కున్నాడు. జుట్టు ఒత్తుగా ఉన్నప్పుడు ఎక్కిన కుర్చీ ఇది. ఇప్పుడు నెత్తి మీద ఫ్యాను గాలి నేరుగా తగులుతోంది. సంచీ మోసీ మోసీ ఎడమ భుజం జారిపోయింది. ఏది కనిపిస్తుందో ఎవడికీ అక్కర్లేదు, పచ్చరంగు కావాలి.

ఫోను మోగింది. అక్క.

“ఒరే, ఇవాళైనా వెలుగుండగా తగలడతావా?”

“పనుందక్కా.”

“నీ కొండలెక్కడికీ పోవులే. చీకట్లో మలుపు కనపడి చావదు. రోజూ దొంగలా వస్తావు.”

“వస్తాలే, పెట్టేయ్.”

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. బడికి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడేది. తుంటి విరిగి మంచాన పడ్డాక, అతను బస్సు దిగే మలుపు తన కిటికీలోంచి కనిపించాలని పట్టుబట్టింది. ఆ పోరు పడలేక వీధి వాలు, కిటికీ గట్టు, మంచం అన్నీ కొలుచుకొచ్చి, ఒకరోజు భోజనం వేళ ఈ కంప్యూటర్లోనే వేశాడు. మంచం ఒక్కో కోడు కింద రెండేసి ఇటుకలు పెడితే మలుపు పచ్చబడింది.

“ఇహ నన్ను దింపడానికి నిచ్చెన కూడా తే,” అంది అక్క.

అప్పట్నుంచీ బస్సు దిగ్గానే కిటికీ వైపు చెయ్యి ఊపడం, పక్కవాళ్ళు నవ్వడం. ఈమధ్య పక్కింటావిడ చేత కిటికీ ఊచకి చేతి అద్దం కూడా కట్టించుకుంది.

“ఈ వయసులో ఏం సోకులక్కా?”

“నా మొహం, నా ఇష్టం. నువ్వు చూడకు.”

మధ్యాహ్నం మేనేజరు ఒత్తిడికి టవరునే ఆకాశానికెత్తాడు. అంత ఎత్తు టవరు ఎవడూ కట్టడు. ఊరు పచ్చబడింది. “చూశావా, మనసుంటే అవుతుంది,” అని మేనేజరు భుజం తట్టాడు. ఆ జారిన భుజమే.

అప్పుడే పక్కింటావిడ ఫోను. “బాబూ, మందిద్దామని వచ్చాను. అక్కగారు పలకడం లేదు. నువ్వు బయల్దేరు.”

బస్సు దిగేసరికి మేడల మీద ఇంకా ఎండ ఉంది. ఇన్నాళ్ళకి వెలుగుండగా వచ్చాడు. చెయ్యి దానంతటదే సగం లేచి, ఆగిపోయింది.

మర్నాడు దహనం అయి, అందరూ వెళ్ళాక, ఇటుకలు తీసేద్దామని మంచం ఎత్తబోయాడు. కదల్లేదు. దాన్నీ, తననీ తిట్టుకుంటూ దాని మీదే వాలాడు. దిండులో అక్క తల చేసిన గుంటలో తల పడింది.

కిటికీలో గట్టు కనిపించింది, పైన చారెడు ఆకాశం. వీధి లేదు, మలుపు లేదు. అతను లెక్క కట్టింది కూర్చున్న మనిషికి. అక్క వీపు నిలపలేక ఎన్నాళ్ళయింది? రోజూ పడుకునే ఉండడం చూశాడు. ‘కంటి ఎత్తు’ గడిలో అంకె మార్చాలని తోచలేదు. ఆవిడా చెప్పలేదు.

తల తిప్పాడు. పాత జడ రిబ్బనుతో ఊచకి కట్టిన అద్దం మంచం మీది మొహం వైపు లేదు, బయటికి వంగి ఉంది. అందులో, అరచేతంత మేర, మలుపూ, దీపం పోయిన స్తంభం, ఎవరూ దిగని ఒక బస్సు.