బెల్టు లేని క్లిప్పు సాక్ష్యం

నేను ఒక క్లిప్పుని. తలలో పెట్టుకునేదాన్నీ కాదు, బట్టలారేసే తీగ మీద ఉండేదాన్నీ కాదు. కారు సీటు బెల్టు కొసన ఇనుప నాలుక ఉంటుంది చూడండి, అచ్చంగా అదే నేను. బెల్టు ఒక్కటే ఉండదు. బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్‌కుయ్‌మని గోల పెడుతుంది కదా, నన్ను ఆ గాడిలో గుచ్చితే నోరు మూసుకుంటుంది. మనిషిని కాపాడే వస్తువుని రెండు ముక్కలు చేసి, కాపాడే ముక్కని అవతల పారేసి, మిగిలినదానికి తళతళలాడే పూత పూసి అమ్మితే అది నేను.

నేను పుట్టింది ఏదో ఊరి శివారున రేకుల షెడ్డులో. అక్కడ మాకు పరీక్ష ఒక్కటే, గాడిలో గట్టిగా కూర్చుంటామా లేదా అని. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేను మొదటి దెబ్బకే పాసయ్యాను. మెచ్చుకుని నా నెత్తిన వెండి రంగు సింహం బొమ్మ కూడా అంటించారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత ఎవరికైనా అర్థం కాకపోతే నన్ను చూపిస్తే సరిపోతుంది.

తణుకులో కారు సామాన్ల కొట్టు గోడకి వేలాడుతుండగా పట్టాభి నన్ను కొన్నాడు. అతనికి బజారులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపు ఉంది. భార్య మంగతాయారు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. బెల్టు పెట్టుకుంటే పట్టుచీర నలుగుతుందని ఆమె, పెట్టుకోకపోతే కారు అరుస్తోందని అతను రోజూ వాదించుకునేవారు. నేను వచ్చాక ఆ కాపురంలో శాంతి నెలకొంది. అదంతా నా ప్రతాపమేనని నేను తెగ పొంగిపోయాను.

మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. ఇద్దరూ అత్తిలి రోడ్డు మీద ఒక పెళ్ళికి వెళ్తున్నారు. పక్క సందులోంచి కోడిగుడ్ల వ్యాను ఒకటి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. పట్టాభి బ్రేకు తొక్కాడు గానీ కారు ముక్కు వ్యానుకి తగలనే తగిలింది. తాయారు చేయి అడ్డం పెట్టుకుంది, అయినా నుదురు ముందున్న డాష్‌బోర్డుకి కొట్టుకుంది. నేను మాత్రం గాడిలో నిబ్బరంగా కూర్చునే ఉన్నాను. నాకు గీత కూడా పడలేదు. ఆ వ్యానులో గుడ్ల ట్రేలని తాళ్ళతో బిగించి కట్టారట, రెండంటే రెండు గుడ్లు పగిలాయి. ఆ మాట విన్నాక సింహం బొమ్మ పెట్టుకున్నందుకు నాకే సిగ్గేసింది.

నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. కుడి మణికట్టు బెణికింది, నెల రోజులు కత్తెర పట్టుకోవద్దన్నాడు డాక్టరు. పెళ్ళిళ్ళ కాలంలో నెలంటే తాయారుకి ఏడాది సంపాదనలో సగం. ఒప్పుకున్న జాకెట్లు ఒక్కొక్కటే వేరే వాళ్ళ మిషను దగ్గరికి వెళ్ళిపోతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసేది.

పోలీసులు వచ్చేలోపే పట్టాభి నన్ను పీకి జేబులో వేసుకున్నాడు. పారేయడానికి చేయి రాలేదు, ఇంట్లో పెట్టడానికి ధైర్యం చాలలేదు. అలా నేను అతని జేబులోనే లాయరు సోమయాజులుగారి ఆఫీసుకి వెళ్ళాను.

"పరిహారం తప్పకుండా అడగొచ్చమ్మా. మెడ పట్టీ కూడా ఒకటి వేసుకుంటే బాగుంటుంది" అన్నారాయన.

"నా మెడ బాగానే ఉందండీ" అంది తాయారు.

"సరే. బెల్టు పెట్టుకున్నారా? లేదంటే దెబ్బలో మీ తప్పూ ఉందని ఇన్సూరెన్సు వాళ్ళు కోత పెడతారు."

తాయారు నోరు తెరిచేలోగా "పెట్టుకుందండీ" అన్నాడు పట్టాభి. జేబు మీద చేయి వేసుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆలోచించుకుని వచ్చి సంతకం పెడతామని తాయారు లేచింది.

మర్నాడు పొద్దున వ్యాను నడిపిన ఏసుబాబు పలకరించడానికి వచ్చాడు. సొంత వ్యానే, మనిషి బక్కపలచన. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తప్పు నాదేనండి. ఫోనొచ్చిందండి, సూసుకోలేదు. టేషన్లో అదే రాసిచ్చానండి, లాయరుగారడిగినా అదే సెప్తానండి. డబ్బులడగడానికి మీరేం మొహమాటపడకండమ్మా."

అతను వెళ్ళాక తాయారు భర్త ముందు ఎడమ చేయి చాపింది. "ఇటివ్వండి దాన్ని."

"దేన్ని?"

"వారం నుంచి జేబులో మోస్తున్నారుగా, దాన్నే."

అతను తల దించుకుని నన్ను ఆమె చేతిలో పెట్టాడు. మనుషులు నన్ను మెచ్చుకుంటూ కొంటారు, తిట్టుకుంటూ దాస్తారు. ఆ చేయి మాత్రం నన్ను తిట్టలేదు. అది నాకు ఇంకా బాధగా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే సోమయాజులుగారి బల్ల మీద నన్ను పెట్టింది తాయారు.

"బెల్టు లేదండీ, ఇది ఉంది. చెయ్యి బెణికింది ఆ వ్యాను వల్ల, దానికి అడుగుదాం. నుదురు పగిలింది మా తెలివితక్కువతనం వల్ల, దాన్ని వదిలేయండి."

"వచ్చేది బాగా తగ్గిపోతుందమ్మా."

"తగ్గనివ్వండి. తప్పు చేసినాయన నిజం చెప్పి, దెబ్బ తగిలిన మేం అబద్ధం చెప్తే, రేపు రోడ్డు మీద ఆయన ఎదురైతే మొహం ఎక్కడ పెట్టుకోమంటారు?"

సోమయాజులుగారు నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. నా సింహాన్ని చూసి ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. కలం మూత తీసి "మరి ఈ క్లిప్పు పెట్టిందెవరు?" అని అడిగారు.

"నేనేనండీ, చీర నలుగుతుందని..." అని తాయారు మొదలుపెట్టింది.

పట్టాభి కుర్చీలోంచి లేచాడు. "కాదండీ. కొన్నది నేను, పెట్టింది నేను. బెల్టు పెట్టుకోమని గట్టిగా చెప్పడం మానేసి దీన్ని కొన్నాను. ఆ వ్యాను వాడి మీద తోసేస్తే నాకు కాస్త నిద్ర పడుతుందనుకున్నాను. తప్పు నాదండీ. అలాగే రాయండి."

"ఇది కోర్టు కాగితం పట్టాభిగారూ. ఇలాంటివి ఇందులో రాయరు."

"రాయండి సార్" అంది తాయారు. "పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. తప్పు నాదని ఈయన అనడం ఇదే మొదలు. కోర్టు ఎంతిస్తుందో ఏమో గానీ, ఈ మాట మాత్రం నాకు కాగితం మీద కావాలి."

ఆయన కోర్టు కాగితం పక్కకి పెట్టి, తెల్ల కాగితం ఒకటి తీసి ఆ ఒక్క ముక్కా రాశారు. కింద పట్టాభి సంతకం పెట్టాడు. ఫ్యాను గాలికి కాగితం లేవబోతే నన్ను తీసి దాని మీద పెట్టారు. నా బరువు చాల్లేదు. తాయారు తన ఎడమ చేయి కూడా దాని మీద వేసి, సిరా ఆరేదాకా తీయలేదు.